సాంగ్‌క్రాన్‌కి వెళ్తుంటే అమ్మని కూడా తీసుకెళ్లండి

ఏప్రిల్ రెండో వారంలో థాయిలాండ్ వెళ్తున్నామని, అప్పుడే వాళ్ల కొత్త సంవత్సరం నీళ్ల పండగ సాంగ్‌క్రాన్ అని రాశారు. అక్కడ ఏం ఎదురవుతుంది, ఫోన్లు తడవకుండా ఏం చేయాలి, అరవై దాటిన అమ్మని తీసుకెళ్లొచ్చా అని అడిగారు. మూడో ప్రశ్నకి చాలామంది "వద్దు, పెద్దవాళ్లు తట్టుకోలేరు" అంటారు. అది తప్పు. నేను 2024లో ఈ పండక్కి మా అమ్మని ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై ఊరికి తీసుకెళ్లాను. అప్పుడామెకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ ప్రయాణంలో పండగని నిజంగా చూసింది ఆమే. మేం ఆమె పక్కన ఉన్నాం కాబట్టి చూశాం.

ఫోన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ కొనండి, ముందు అందులో కాగితం ముక్క పెట్టి బకెట్లో ముంచి చూడండి. పాస్‌పోర్ట్ గదిలోనే ఉంచి, దాని ఫొటో ఫోన్లో పెట్టుకోండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, లేత రంగువి తడిస్తే ఇబ్బంది. అంతే, దీనికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

అధికారికంగా పండగ ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లో. పిల్లలు మాత్రం 12 సాయంత్రానికే గేటు దగ్గర డ్రమ్ములు పెట్టుకుని కూర్చుంటారు. పట్టాయాలో అసలు హడావుడి 18, 19 తేదీల్లో ఉంటుంది. బ్యాంకాక్‌లో జనమంతా సీలోమ్ రోడ్డు మీద, ఖావో సాన్ రోడ్డు మీద ఉంటారు. చియాంగ్ మైలో పాత ఊరి చుట్టూ చతురస్రంగా కందకం ఉంది, పండగంతా దాని గట్టు మీదే. తాడు కట్టిన బకెట్లతో ఆ నీళ్లు తోడి పోస్తారు. పచ్చగా ఉంటాయి, కళ్లలో, నోట్లో పడకుండా చూసుకోండి. డ్రమ్ముల్లో ఐసు దిమ్మలు వేసుకుని తిరిగే ట్రక్కులు కూడా ఉంటాయి. 40 డిగ్రీల దగ్గర ఎండలో ఆ ఐసు నీళ్లు వీపు మీద పడితే ఒక్క క్షణం ఊపిరి ఆడదు. పెద్దవాళ్లకి ఇబ్బంది ఇక్కడే, అందుకే మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా అమ్మ గదిలోనే ఉండేది. ఉత్తర థాయిలాండ్‌లో ఆ నెలల్లో పొలాలూ అడవులూ కాల్చిన పొగ కూడా కమ్ముకుంటుంది, ఆస్తమా ఉంటే ఆలోచించుకోండి.

స్కూటర్ అద్దెకి తీసుకోకండి. పండగ వారాన్ని వాళ్ల ప్రభుత్వమే "ఏడు ప్రమాదకర రోజులు" అంటుంది, చనిపోయేవాళ్లలో ఎక్కువమంది మోటార్‌సైకిల్ మీద వెళ్లేవాళ్లే. తాగి నడిపేవాళ్లు కొందరైతే, కదిలే బండి మీద మొహానికి గురిపెట్టి నీళ్లు కొట్టేవాళ్లు ఇంకొందరు.

ఇంకో మాట, ఇది మనవాళ్ల గురించి. చియాంగ్ మై పాత ఊరి థా ఫే గేటు దగ్గర తెలుగు మాట్లాడుతున్న కుర్రాళ్ల గుంపు ఒక అమ్మాయిని చుట్టుముట్టి, పౌడర్ పూసే నెపంతో చేతులు వేస్తుంటే చూశాను. తెల్ల సుద్ద పొడిని నీళ్లలో కలిపి బుగ్గలకి రాయడం అక్కడి అలవాటే. అయితే అడిగి, వేలి కొసతో మెల్లగా రాస్తారు. నేను వెళ్లి తెలుగులోనే గట్టిగా మందలిస్తే తప్ప వాళ్లు కదల్లేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. భిక్షువుల మీద, ముసలివాళ్ల మీద, చంటిపిల్లల మీద నీళ్లు కొట్టరని స్థానికుల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇది మనవాళ్లకి ఎవరూ చెప్పరు. మా ట్రావెల్ ఏజెంట్ పంపిన ప్లాన్‌లో మూడు రాత్రుల ఫోమ్ పార్టీలు ఉన్నాయి గానీ ఒక్క గుడి పేరూ లేదు. నేనే అది రద్దు చేసుకుని పాత ఊళ్లో ఒక చిన్న గెస్ట్‌హౌస్ వెతుక్కున్నాను. బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో వెళ్దామనుకుంటే బెర్తులు ఎప్పుడో అయిపోయాయి. పండక్కి బ్యాంకాక్ సగం ఖాళీ అవుతుంది, అందరూ సొంతూళ్లకి వెళ్తారు, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. సాంగ్‌క్రాన్ అన్న పేరు కూడా మన సంక్రాంతే. సూర్యుడు మేషరాశిలోకి వచ్చే సంక్రమణం వాళ్లకి కొత్త సంవత్సరం.

చియాంగ్ మైలో 13 మధ్యాహ్నం వాట్ ఫ్రా సింగ్ గుడిలోని బుద్ధుడి విగ్రహాన్ని ఊరేగిస్తారు, దారి పొడవునా జనం పూలు వేసిన నీళ్లు పోస్తారు. 14న గుళ్లకి ఇసుక మోస్తారు. ఏడాదంతా గుడికొచ్చి వెళ్తూ పాదాలకి అంటించుకుపోయిన ఇసుకని తిరిగి ఇచ్చెయ్యాలట. ఆ ఇసుకతో చిన్న చిన్న స్తూపాలు కట్టి రంగు కాగితం జెండాలు గుచ్చుతారు. ఆ రోజు నోటి వెంట చెడ్డమాట రాకూడదు. మా పదేళ్లవాడు రెండు స్తూపాలు కట్టి, నీళ్ల తుపాకీ సంగతే మర్చిపోయాడు.

అసలు చెప్పాలనుకున్నది 15 పొద్దున జరిగింది.

గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడకి యాభై ఉంటాయి. ముందురోజు రాత్రే "రేపు తొమ్మిదింటికి మీ అమ్మగారిని కిందికి తీసుకురండి" అంది. దిగేసరికి వరండాలో చాప పరిచి, దాని మీద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో వాళ్లమ్మ, ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు, నేత లుంగీ. రెండోది ఖాళీగా ఉంది. వాళ్ల పిల్లలూ మనవలూ నేల మీద కూర్చుని ఉన్నారు. మా అమ్మ అలవాటు ప్రకారం వెనక గోడవారగా వెళ్లి నిలబడింది. గెస్ట్‌హౌస్ ఆవిడ లేచి వచ్చి, "ఖున్ మే" అని పిలిచి, అంటే అమ్మగారూ అని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది.

వెండి గిన్నెలో పసుపుపచ్చటి నీళ్లు, పైన ఎండు పూరేకులు, మధ్యలో నల్లగా కాల్చిన కాయలు తేలుతున్నాయి. అమ్మ ఒంగి చూసింది. "ఒరేయ్, ఇది శీకాయరా!" అంది. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు వాళ్లమ్మ కుంకుడుకాయల్లో నాలుగు శీకాయలు కలిపి నానబెట్టి తలంటేదట. నేను అనుమానంగా ఫోన్లో వెతికితే నిజమే, వాళ్లు సోమ్ పోయ్ అనేది మన శీకాయే. ఆ వేడుకని అక్కడ దమ్ హువా అంటారు, ఉత్తరాది వాళ్ల మాటలో తల కడగడం అని అర్థం. అంటే తలంటే! పెద్దవాళ్లకి తలంటి దీవెన తీసుకోవడం ఇప్పుడు చేతుల మీద నీళ్లు పోయడంగా మిగిలింది.

వాళ్ల పెద్ద మనవడు మోకాళ్ల మీద వచ్చి ముందు వాళ్లమ్మమ్మ చేతుల మీద, తర్వాత మా అమ్మ చేతుల మీద ఆ నీళ్లు పోశాడు. మల్లెమాల ఇచ్చాడు. ఆ పెద్దావిడ తడి చేతిని తన నడినెత్తిన రాసుకుని, మిగిలిన నీళ్లు పిల్లల మీద చిలకరిస్తూ చాలాసేపు ఏదో దీవించింది. తర్వాత అందరూ మా అమ్మ వైపు చూశారు. అమ్మకి ఏమనాలో తెలియక నా వైపు చూసింది. "మన భాషలోనే అనమ్మా" అన్నాను. "నూరేళ్లు చల్లగా ఉండండి నాయనా" అంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ తలలు వంచి చేతులు జోడించారు. ఆ తర్వాత నేను, మా ఆవిడ, మావాడు వరసగా పోశాం. మా అమ్మ చేతుల మీద నేను నీళ్లు పోయడం అదే మొదటిసారి.

నన్ను కదిలించిన సంగతి ఇంకోటి ఉంది. మా నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. అప్పటినుంచి మా బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా, ఏ గృహప్రవేశం జరిగినా మా అమ్మ వెనక వరసలోనే ఉంటుంది. ఎవరూ పొమ్మనరు, ఆమే జరుగుతుంది, ఎవరూ ముందుకి రమ్మనరు. నా సొంత చెల్లెలి సీమంతంలో అక్షతలు వేయడానికి కూడా చివర దాకా ఆగింది. అక్కడ కుర్చీలో కూర్చున్న ఆ పెద్దావిడ భర్త కూడా ఎప్పుడో పోయాడు. ఆ సంగతి ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. పెద్దవాళ్లయితే చాలు, ముందు వాళ్లకే. ఏప్రిల్ 13ని థాయిలాండ్‌లో జాతీయ వృద్ధుల దినంగా జరుపుతారు, 14ని కుటుంబ దినంగా. యునెస్కో 2023 డిసెంబర్‌లో ఈ పండగని తన సాంస్కృతిక వారసత్వ సంప్రదాయాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు నీళ్ల తుపాకులకి వచ్చిందని నేను అనుకోను, ఇలాంటి వరండాలకి వచ్చింది.

2025 ఉగాదికి మా ఇంట్లో హాల్లో కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టాం. శీకాయ నానబెట్టి, గులాబీ రేకులు వేసి, పిల్లలందరి చేతా నీళ్లు పోయించాం. మా మేనత్త "పండగపూట ఇదేం కొత్త ఆచారం" అని అభ్యంతరం చెప్పింది. నేను ఆపలేదు. చివర్లో ఆమెనీ కూర్చోబెడితే ఏడ్చేసింది, ఆమెకీ భర్త లేడు.

కాబట్టి అమ్మగారిని తీసుకెళ్లండి. పెద్ద హోటల్ కాకుండా ఇంటివాళ్లు అక్కడే ఉండే గెస్ట్‌హౌస్ చూడండి, ముందే చెప్తే ఇలాంటి వేడుకకి సంతోషంగా కలుపుకుంటారు. పండగ రోజుల్లో చిన్న భోజన హోటళ్లు చాలావరకు మూసేస్తారు, సెవెన్ ఎలెవెన్ షాపులు తెరిచే ఉంటాయి గానీ శాకాహారులైతే రెండు పూటలకి సరిపడా పొడులు, అటుకులు పట్టుకెళ్లండి. అమ్మగారికి ఒక శాలువా, తడిస్తే మార్చుకోవడానికి రెండు నూలు చీరలు అదనంగా పెట్టండి. ఏప్రిల్ 15 పొద్దున మాత్రం ఏ టూరూ బుక్ చేసుకోకండి.