ఒక్క పాన్ ఇండియా సినిమాలో వేషం వస్తే సెటిల్ అయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ఆరడుగుల మనిషి, రోజూ జిమ్‌కి వెళ్తాడు, ఈ మధ్య గుర్రపు స్వారీ కూడా నేర్చుకుంటున్నాడు. హీరో కావాలని లేదట. ‘బాహుబలి’ లాంటి భారీ సినిమాలో మంచి క్యారెక్టర్ ఒకటి పడితే చాలు, లైఫ్ సెటిల్ అంటాడు. హైదరాబాద్‌లో ఒక యాక్టింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకి మూడున్నర లక్షలు కడితే పెద్ద సినిమాలో వేషం గ్యారంటీ అంటున్నారు. చదువు ఆపించి అక్కడ చేర్చాలా, డిగ్రీ అయ్యాక పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి వాటికి పంపాలా? రెండింట్లో ఏది మేలో చెప్పగలరు.
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ముందు డబ్బు సంగతి. కట్టకండి. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే మిగతాది ఆపేయండి. వేషం ఎవరికివ్వాలో దర్శకుడు, ఆయన డైరెక్షన్ టీమ్, కాస్టింగ్ చూసేవాళ్లు తేల్చుకుంటారు. ఆడిషన్‌కి పిలిచే నిజమైన కంపెనీ నటుడి దగ్గర రూపాయి తీసుకోదు. నటన నేర్పినందుకు ఫీజు తీసుకోవడం వేరే సంగతి, అందులో తప్పు లేదు. వేషం ఇప్పిస్తామని తీసుకున్నారంటే అనుమానించాల్సిందే. నమ్మకం కుదరకపోతే ఆ గ్యారంటీ మాట లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టరు.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఊరు మారుతుంది, సినిమా పేరు మారుతుంది, భయం మాత్రం ఒకటే: వీడు ఇటు ఇంజనీరూ కాక, అటు నటుడూ కాక మిగిలిపోతాడేమోనని. కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీవాడు చెప్పిన సినిమానే తీసుకుందాం. అందులో హీరో పక్కన నిలబడ్డవాళ్లు అక్కడిదాకా ఎలా వచ్చారో చూస్తే సగం ప్రశ్నలు తీరిపోతాయి.

కట్టప్ప వేసిన సత్యరాజ్ తమిళంలో 1978లో విలన్ వెనకాల నిలబడే అనుచరుడిగా మొదలుపెట్టారు. అక్కడి నుంచి విలన్ అయ్యారు, హీరో అయ్యారు, ఏళ్ల తరబడి హీరోగానే ఉన్నారు. 2015లో గుండుతో, గడ్డంతో కత్తి పట్టుకునేసరికి ఆయన వెనక 37 ఏళ్ల పని ఉంది. బిజ్జలదేవుడు నాజర్ మద్రాసులో తాజ్ కోరమాండల్ హోటల్లో పనిచేశారు, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు, 1985లో దర్శకుడు బాలచందర్ సినిమాతో తెరమీదకొచ్చారు. గూడెంలో స్వామీజీగా కనిపించిన తనికెళ్ల భరణి నాటకాలు రాసుకుంటూ వచ్చిన మనిషి. సినిమాల్లో ముందు రచయితగానే నిలబడ్డారు. ‘లేడీస్ టైలర్’ మాటలు ఆయనవే, 1986లో. ‘శివ’లో నానాజీగా జనం గుర్తుపట్టింది ఆ తర్వాతే. హీరో శివుడిని పెంచిన తల్లి రోహిణి చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి నటి, దానికి తోడు డబ్బింగ్ ఆర్టిస్ట్. తెరమీద వేషం లేని రోజుల్లో కూడా గొంతుకి పని ఉండేది.

వీళ్లెవరికీ ఆ సినిమా కెరీర్ ఇవ్వలేదండీ. వీళ్లు అప్పటికే సంపాదించుకున్న కెరీర్‌ని ఆ సినిమా వాడుకుంది. మీవాడు ఈ క్రమాన్ని తలకిందులుగా చూస్తున్నాడు.

‘మరి కాలకేయుడో?’ అంటాడు, తెలుసు. అందరూ అదే పేరు చెబుతారు. ప్రభాకర్ ‘మర్యాద రామన్న’లో కనిపించింది 2010లో. కాలకేయుడిగా దేశమంతా చూసింది 2015లో. మధ్యలో ఉన్న ఐదేళ్లు ఎవరూ లెక్కపెట్టరు. పైగా ఆ వేషం ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి: ఒళ్లంతా నల్లరంగు, రచయిత మదన్ కార్కీ కొత్తగా కల్పించిన కిలికి భాష, అర్థం తెలియని డైలాగుల్లో కోపమూ వెటకారమూ పలికించాలి. ఆరడుగులుంటే అది వచ్చేయదు. ఆరడుగులూ గుర్రపు స్వారీ మాత్రమే ఉంటే నిలబెట్టేది సైన్యంలో, నాలుగో వరసలో. దానికి జూనియర్ ఆర్టిస్టులున్నారు, వాళ్లకి యూనియన్ ఉంది, రోజు కూలి ఉంది. అదీ కష్టపడి చేసే పనే, చిన్నచూపు వద్దు. కానీ అక్కడి నుంచి డైలాగ్ ఉన్న వేషానికి రావడం చాలా అరుదు.

మీవాడికి పనికొచ్చే ఉదాహరణలు వేరే ఉన్నాయి. రెండో భాగంలో సేతుపతి గుర్తున్నాడా? గుళ్లో అతని వేళ్లు దేవసేన నరికితే, తర్వాత బాహుబలి అతని తలే నరికేస్తాడు. ఆ వేషం వేసిన రాకేష్ వర్రే అందరికీ గుర్తుండిపోయాడు. అయినా రెండేళ్ల తర్వాత, 2019లో, ‘ఎవ్వరికీ చెప్పొద్దు’ అనే సినిమాలో హీరోగా కనబడటానికి నిర్మాత కూడా తనే అయ్యాడు. మొదటి భాగంలో భద్రుడిగా తల పోగొట్టుకున్న అడివి శేష్ అప్పటికే, 2010లోనే, సొంతంగా ఒక సినిమా తీసి ఉన్నాడు. భద్రుడి మరుసటి ఏడాది వచ్చిన ‘క్షణం’కి రచనలోనూ తన చెయ్యి ఉంది. ‘గూఢచారి’, ‘మేజర్’ కూడా అలాగే, కథ దగ్గర కూర్చుని చేసుకున్నవి. ఫోన్ మోగుతుందని ఆగిపోలేదు.

ఇక్కడ నాకున్న అనుమానం ఒకటి దాచుకోకుండా చెప్తాను. ఈ పాన్ ఇండియా మోజు హీరోలకి, దర్శకులకి మంచిదే కావచ్చు. క్యారెక్టర్ ఆర్టిస్టుగా ఎదగాల్సిన కుర్రాడికి అంత మంచిదని నాకనిపించదు. ‘బాహుబలి’ షూటింగ్ కర్నూలు దగ్గర రాతి కొండల్లో 2013 జులైలో మొదలైంది. రెండో భాగం విడుదలైంది 2017 ఏప్రిల్‌లో. ఇలాంటి సినిమాలో గడ్డంతో, జులపాలతో వేషం వేశారనుకోండి, కంటిన్యుటీ కోసం, అంటే సీన్‌కీ సీన్‌కీ రూపం మారకుండా ఉండటానికి, ఆ గడ్డం తీయకూడదు. గడ్డం తీయకపోతే పక్క సినిమాలో పోలీసు వేషం పోయింది, సీరియల్లో తమ్ముడి వేషం పోయింది. షెడ్యూల్ ఈ నెలన్నారు, గ్రాఫిక్స్ వల్ల మూడు నెలలు జరిగిందంటారు. పేరున్న నటుడైతే కాల్షీట్ల లెక్కన, అంటే ఇచ్చే షూటింగ్ రోజుల లెక్కన, గట్టిగా మాట్లాడుకుంటాడు. కొత్తవాడికి సినిమా మొత్తానికి ఇంతని ఒకే మాట ఉంటుంది. ఆ డబ్బు అన్ని నెలలకీ పంచుకుంటే హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దెకి సరిపోతే గొప్ప. ఇంతా చేసి ఎడిటింగ్‌లో ఆ సీన్ ఎగిరిపోవచ్చు కూడా. అదే కుర్రాడు ఆ కాలంలో చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు, డబ్బింగ్, నాటకాలు కలిపి పది రకాల మనుషుల్ని పలికించి ఉండేవాడు. పెద్ద సినిమాలో వేషం వస్తే వదులుకోమని నేను అనను. దాని కోసమే కూర్చోవద్దంటాను.

ఇక మీకు రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అబ్బాయి ఎత్తు ఉంది, జిమ్ ఉంది, ఫీజు ఉంది. వాడు ఎప్పుడైనా స్టేజీ ఎక్కాడా? కాలేజీ ఫెస్ట్‌లో స్కిట్ వేశాడా? ఒక పేజీ డైలాగ్ తప్పు లేకుండా చెప్పగలడా? ఒక్క ముక్క లేదు. మీరు చూడలేదు కాబట్టే రాయలేదని నా అనుమానం. కొడుకు నటన ఒక్కసారి కూడా చూడకుండా, ముక్కూ మొహం తెలియనివాళ్లకి మూడున్నర లక్షలు ఇవ్వడానికి సిద్ధపడ్డారంటే, అది ప్రోత్సాహం కాదండీ, తలనొప్పి వదిలించుకోవడం. రేపు తేడా వస్తే ‘నీకోసం లక్షలు పోశాను’ అని వాణ్ని జీవితాంతం సాధిస్తారు. కొంచెం కటువుగా అన్నాను, కానీ ఈ మాట మీకు ఇంకెవరూ చెప్పరు.

కోర్సుల పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెప్తాను. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్ యాక్టింగ్, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు, రెండూ డిగ్రీ ఉన్నవాళ్లకే. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్ర యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి, పీజీకి వాటిల్లో చేరొచ్చు. నన్నడిగితే తెలుగు నాటకం ఆడే అవకాశం ఉన్నచోటే మీవాడికి మొదటి చాయిస్. ఏది ఎంచుకున్నా డిగ్రీ చేతిలో ఉండాలి. అందుకే చదువు ఆపించే ప్రశ్నే లేదు.

మరీ టెన్షన్ పడకండి. వాడు హీరో కావాలని అనలేదు, క్యారెక్టర్ చాలన్నాడు. ఇరవై ఏళ్ల వయసులో అలా అనేవాళ్లు తక్కువ. ఈ వృత్తికి వయసు కూడా అడ్డం కాదు. అన్న వేషం, బాబాయి వేషం, తండ్రి వేషం, ఏ వయసుకి ఆ వేషం ఉంటుంది. రెండో భాగంలో పిరికివాడు కుమార వర్మగా నవ్వించిన సుబ్బరాజు భీమవరం కుర్రాడు, కంప్యూటర్ల ఉద్యోగంలో ఉండగా ‘ఖడ్గం’లో వేషం దొరికింది, 2002లో. ఎక్కువగా విలన్ వేషాలే వేస్తూ పదిహేనేళ్లు ఆగితే ఆ కుమార వర్మ వచ్చాడు. మీవాడు 22 ఏళ్లకి డిగ్రీతో బయటికొచ్చి, ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలు నాటకం రిహార్సల్స్‌కి వెళ్తే కొంపేం మునగదు. 28 దాకా టైమివ్వండి. ఆ ఆరేళ్లలో ఇంట్లో రోజూ పంచాయితీ పెట్టకపోతే చాలు.

ప్రస్తుతానికి ఆ రెండు బ్యాక్‌లాగ్స్ ఈ సెమిస్టర్‌లో క్లియర్ చేయమనండి. సెలవుల్లో మీకు దగ్గర్లో ఎక్కడైనా నాటక పరిషత్తు పోటీలు జరుగుతుంటే ఇద్దరూ కలిసి వెళ్లండి, ముందు వరసలో కూర్చుని చూడండి. ఆడేవాళ్లతో వాణ్ని మాట్లాడనివ్వండి. ఏ నాటక సమాజం వాళ్లయినా చిన్న వేషం ఇస్తామంటే వేయమనండి. ఆ ప్రదర్శన చూశాక, మీ అభిప్రాయం ఏమిటో నాకు మళ్లీ రాయండి.