క్యాటలిస్టుల మీద పరిశోధన తిండి పెడుతుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత తనిఖీ) ఉద్యోగం వచ్చేలా ఉంది. తనేమో మెటల్ ఆక్సైడ్ క్యాటలిస్టుల మీద వాయువులు ఏం చేస్తాయో పరిశోధిస్తానంటోంది. అదీ ఒక చదువేనా సార్?

జవాబు: చదువేనండీ. క్యాటలిస్టు అంటే తను ఖర్చయిపోకుండా రసాయన చర్యను వేగం చేసే పదార్థం. అది మీ వీధిలో తిరిగే పెట్రోలు కారు పొగగొట్టంలోనే ఉంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే భాగంలో ప్లాటినం లాంటి లోహాలతో పాటు సీరియం ఆక్సైడ్, అంటే సీరియం లోహం ఆక్సిజన్‌తో కలిసిన పదార్థం, ఉంటుంది. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వస్తే, ఆ ఆక్సైడ్ తన ఒంట్లోని ఆక్సిజన్‌నే చేబదులు ఇచ్చేస్తుంది. మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది, ఉపరితలం మీద ఒక ఖాళీ మిగులుతుంది. పొగలో ఉన్న ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీ పూడ్చాక బాకీ చెల్లు. ఆక్సైడ్ల ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

అసలు చిక్కు పక్కనున్న వాయువులతో. మన కాంప్లెక్స్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపుకుంటారు చూడండి, నీటి ఆవిరి చాలాసార్లు అదే పని చేస్తుంది. చర్య జరగాల్సిన వాయువుకి చోటు దొరకదు. తమాషా ఏమిటంటే, టైటానియం ఆక్సైడ్ మీద బంగారు రేణువులుంటే అదే తేమ మోనాక్సైడ్ చర్యకు సాయపడుతుంది. అందుకే ఉపరితలాన్ని కావలసినట్టు మలుస్తారు. ఒకే సీరియం ఆక్సైడ్ నానో ఘనాలుగా చేస్తే ఒక తీరు, కడ్డీలుగా చేస్తే మరో తీరు.

ఇక తిండి సంగతి. విశాఖ రిఫైనరీ క్యాటలిస్టులతోనే నడుస్తుంది గానీ ప్లాంటు ఉద్యోగాలు ఎక్కువగా ఇంజనీర్లకే. ఎమ్మెస్సీతో ఆగితే ఈ సబ్జెక్టుకి దారి ఇరుకు, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అంటే ఎమ్మెస్సీ తర్వాత మరో ఐదారేళ్లు. పెళ్లి టెన్షన్ మీకుంటుంది, కాదనను. కానీ సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. ఫీజుల కోసం పొలం అమ్మే చదువు కాదిది.

ముందు ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ పరీక్ష రాయించండి. మద్రాస్ ఐఐటీలో క్యాటలిసిస్‌కి జాతీయ కేంద్రమే ఉంది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశపరీక్ష పీజీసెట్ కూడా రాస్తే ఆంధ్రా యూనివర్సిటీ, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. సీటు రాకపోతే ఒక ఏడాది పైడిభీమవరంలో చేస్తూ మళ్లీ రాయొచ్చు. షిఫ్టులు చేసి వచ్చి చదవడం మాత్రం కష్టం, నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది అక్కడే ఆగిపోయారు.

ఒక్కటి తననే అడగండి: ఫిజికల్ కెమిస్ట్రీలో అధిశోషణం (వాయువులు ఉపరితలానికి అంటుకోవడం) పాఠం, దాన్ని లెక్కగట్టే లాంగ్‌మ్యూర్ సమీకరణం ఇష్టంగా చదివిందా, పరీక్ష కోసం బట్టీ పట్టిందా? బట్టీ అయితే క్యూసీ ఉద్యోగమే మేలు.