చీమలు పట్టిందెవరు?

చిక్కడపల్లి,
హైదరాబాద్.

బాబూ,

పిల్లలు పెద్దవాళ్ళయ్యేటప్పుడు లోకమంతా జరిపే వేడుకల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. మెచ్చుకోవాల్సింది ఇంతే. ఇక అసలు సంగతికి వస్తాను.

ఏడో పేజీలో అమెజాన్ అడవికి వెళ్ళావు. బ్రెజిల్‌లో సటేరే-మావే జాతి కుర్రాళ్ళు బుల్లెట్ చీమలు కుక్కిన తొడుగుల్లో చేతులు పెట్టి పది నిమిషాలు నిలబడతారని, మగవాడు అనిపించుకోవాలంటే అలా ఇరవైసార్ల దాకా చేయాలని రాశావు. నిజమే. వెంటనే ‘ఒళ్ళు గగుర్పొడిచే ఆచారం’ అన్నావు. పేరా అయిపోయింది. తర్వాతి పేరాలో ఇథియోపియాలో హామర్ తెగ కుర్రాడు ఎద్దుల వీపుల మీదుగా పరిగెడుతున్నాడు. అక్కడా ‘ఒళ్ళు గగుర్పొడిచే’ అన్నావు. నాకు ఒళ్ళు గగుర్పొడవలేదు బాబూ, మండింది.

ఆ చీమలు ఎవరు పట్టారు? వాటంతటవి వచ్చి తొడుగులో కూర్చోవు కదా. అడవిలో వెతికి పట్టుకురావాలి. ఆకుల రసం కలిపిన నీళ్ళలో వేసి మత్తెక్కించాలి. మత్తు దిగేలోపు ఒక్కొక్కదాన్నీ, కొండి లోపలివైపు ఉండేలా, ఆకులతో అల్లిన తొడుగులో ఇరికించాలి. ఆ పని చేసే మనిషి కూడా ఒకప్పుడు అందులో చెయ్యి పెట్టినవాడే. ఆ నొప్పి ఎలాంటిదో తెలిసి కూడా ఇంకో పిల్లవాడి కోసం ఓపిగ్గా చీమలు గుచ్చుతున్నాడు. నీ వ్యాసంలో అతను లేడు. హామర్ కుర్రాడి కోసం ఆ రోజు అక్కచెల్లెళ్ళు కొరడా దెబ్బలు అడిగి మరీ తింటారు. వీపుల మీద మచ్చలు మిగిలిపోతాయి. రేపు వాళ్ళకి కష్టమొస్తే వాడు ఆదుకోవాలి, ఆ మచ్చలు వాడు తీర్చాల్సిన బాకీ. వాళ్ళూ లేరు. ఎద్దులు మాత్రం ఉన్నాయి.

నాది ఒకటే పట్టు. వేడుక గురించి రాసేవాడు దాన్ని చేయించుకునేవాళ్ళ కంటే ముందు చేసేవాళ్ళని చూడాలి. వండేవాళ్ళు, అల్లేవాళ్ళు, ఉతికేవాళ్ళు, అప్పు చేసేవాళ్ళు. ఇది నా చాదస్తమని మా ఇంట్లోవాళ్ళే అంటారు. అననీ.

పసిఫిక్ సముద్రంలో వనువాటు దేశపు పెంటెకోస్ట్ దీవిలో కాళ్ళకి తీగలు కట్టుకుని ఎత్తైన మంచె మీంచి దూకడం గురించి నువ్వు రాసింది చూడు. మంచె ఎత్తు ఇరవై ముప్పై మీటర్లని, బంగీ జంప్‌కి ఇదే మూలమని చెప్పి చేతులు దులుపుకున్నావు. ఆ ఆట అంతా తీగలో ఉంది. తీగలో రసం ఉండాలి, సాగాలి. వానలు వెనకబట్టి పెండలం చేతికొచ్చే కాలంలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అది సరిగ్గా కుదురుతుంది. అందుకే అప్పుడే దూకుతారు. 1974లో ఎలిజబెత్ రాణి వచ్చిందని, ఆవిడకి చూపించడానికి కాలం కాని కాలంలో దూకించారు. తీగ సాగలేదు. ఒక మనిషి పోయాడు. దీంట్లో ఒక నవల ఉంది. ఆ తీగ కోసిన మనిషికి అది సాగదని తెలియకుండా ఉంటుందా? తెలిస్తే ఎవరితో అన్నాడు? నీకు ఇలాంటి ప్రశ్న రాకపోతే నువ్వు రాయాల్సింది ‘వింతలూ విశేషాలూ’ శీర్షిక. ఆదివారం అనుబంధాలు చూసేవాళ్ళు కళ్ళకద్దుకుని వేసుకుంటారు, పక్కన రంగుల ఫొటోతో సహా.

అక్కడే ఇంకో సంగతి వదిలేశావు. మొదటిసారి దూకే పిల్లవాడి తల్లి వాడి చిన్నప్పటి గుడ్డముక్క ఏదో పట్టుకుని కింద నిలబడుతుంది. వాడు దూకాక దాన్ని పారేస్తుంది. మన ఒడుగులో మాతృభోజనం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? తల్లితో కలిసి ఒకే విస్తట్లో పిల్లవాడు తినే ఆఖరి అన్నం అది. మొన్న ఒక ఇంట్లో చూశాను. ఫొటోగ్రాఫర్ ‘ఇటు చూడమ్మా, ముద్ద అలాగే పట్టుకోండి, ఇంకోసారి’ అంటున్నాడు. ఆవిడ ముద్ద పట్టుకుని అలాగే ఉంది, పప్పు మోచేతి దాకా కారుతోంది. పిల్లవాడు నోరు తెరిచే ఉన్నాడు పాపం. దీన్ని చూసినవాడికి ఆ దీవి తల్లి కూడా అర్థమవుతుంది. చూడనివాడికి రెండూ ‘సంప్రదాయాలే’.

ఇక ఇలాంటి ఆచారాల మీద పరిశోధించిన ఫ్రెంచి పండితుడు వాన్ జెనెప్ గారు. ఆయన 1909లో రాసిన పుస్తకం గొప్పదే. మనిషిని వేరు చేయడం, కొన్నాళ్ళు అటూ ఇటూ కాకుండా ఉంచడం, మళ్ళీ కలుపుకోవడం అని మూడు దశలు చెప్పాడు. నువ్వు లోకంలోని ఆచారాలన్నిటినీ మూడు గిన్నెల క్యారియర్లో సర్దినట్టు అందులో సర్దేశావు. మూడో దశ దగ్గర ఆగి ఆలోచించాల్సింది. కలుపుకోవడం అంటే ఎక్కడికి కలుపుకోవడం? కుర్రాడు వెనక్కి వచ్చేసరికి వాడి లోకం పెరిగి ఉంటుంది. మన ఆడపిల్ల పెద్దమనిషై, కూర్చోబెట్టిన చాప మీంచి లేచి వచ్చేసరికి ఆమెకి వీధి తగ్గిపోయి ఉంటుంది. ముందురోజు దాకా ఆడుకున్న మగపిల్లలతో మాట్లాడకూడదు, దుకాణానికి ఒక్కతే వెళ్ళకూడదు, నవ్వితే పళ్ళు కనపడకూడదు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి పద్నాలుగేళ్ళని గీత గీసేదాకా ఎన్నో ఇళ్ళలో పెళ్ళి ముందే అయిపోయేది. పిల్ల పెద్దమనిషైన కబురు నేరుగా అత్తారింటికి వెళ్ళేది, కార్యానికి ముహూర్తం పెట్టుకోమని. చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా కబురు చేయడం మాత్రం మానలేదు, చిరునామా మారింది.

అమెరికాలో నవాహో తెగ అమ్మాయిలు పెద్దమనిషైనప్పుడు చేసే కినాల్డా గురించి నీ వ్యాసంలో రెండు వాక్యాలున్నాయి. నాలుగు రోజుల ఆ వేడుకలో అమ్మాయి తెల్లవారుజామునే తూర్పుకి పరిగెడుతుంది, మొక్కజొన్నలు తనే విసురుతుంది. నేలలో గొయ్యి తీసి, నిప్పుల వేడి మీద రాత్రంతా పెద్ద రొట్టె కాలుస్తారు. పొద్దున అందరికీ పంచుతుంది, తను మాత్రం తినదు. అంటే తన వేడుకకి తనే చాకిరీ చేస్తుంది. మన పిల్లని కూర్చోబెట్టి చిమ్మిలి తినిపిస్తాం. ఏది మంచిదో నేను చెప్పను. ఇంత తేడా కళ్ళ ముందుంటే రెంటినీ ఒకే పేరాలో పెట్టి ‘ఇలాంటివే మన దగ్గరా ఉన్నాయి’ అని ఎలా రాయబుద్ధేసింది?

కానీ పందొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది. ‘మా అక్క ఓణీల ఫంక్షన్ రోజు నేను కుర్చీలు మోశాను, లోపలి గదిలోకి రానివ్వలేదు.’ ఇరవై రెండు పేజీల్లో నువ్వు ఉన్నది ఆ ఒక్క వాక్యంలోనే. నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నానంటే దాని వల్లే. అది రాసి, వెంటనే మెక్సికో పారిపోయావు!

నా సంగతి చెబుతాను. మాది నల్లగొండ వైపు పల్లె. నన్ను వెనక వసారాలో ఈత చాప మీద కూర్చోబెట్టారు. మా అమ్మ ముట్టుకోదు, అమ్మమ్మ ముట్టుకోదు. ముట్టుకున్నది మా చాకలామె ఒక్కతే. మామూలు రోజుల్లో మా వంటింటి గడప తొక్కనివ్వని మనిషి ఆ రోజు నా నెత్తిన నీళ్ళు పోసింది, కాళ్ళకి పసుపు రాసింది. ‘భయపడకు బిడ్డా, అందరికీ వచ్చేదే’ అంది. ఏం జరిగిందో నాకు విడమరిచి చెప్పింది ఆవిడే. మిగతావాళ్ళు పాటలు పాడారు. నేను విడిచిన లంగా జాకెట్టూ, తవ్వెడు బియ్యమూ కొంగులో కట్టుకుని వెనక దర్వాజ గుండా వెళ్ళిపోయింది. శ్రీలంకలో సింహళీయుల ఇళ్ళలోనూ ఆ మొదటి స్నానం చేయించేది చాకలామేనని, పిల్ల ఒంటి మీది బట్టలు ఆమెకే దక్కుతాయని చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు నాకు సముద్రం అడ్డం అనిపించలేదు.

హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఆ కథ రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. వేసుకున్నారు. అచ్చులో చూస్తే చాకలామె లేదు. వెళ్ళి అడిగితే ‘పాత్రలు ఎక్కువయ్యాయమ్మా, పాఠకుడి దృష్టి అమ్మాయి మనసు మీద ఉండాలి’ అన్నారు ఎడిటర్‌గారు. పక్కన బొమ్మ ఒకటి. ఓణీ వేసుకుని తల వంచుకుని కాలి బొటనవేలితో నేల మీద రాస్తున్న పిల్ల. నేనసలు చాప మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నానండీ అంటే నవ్వారు. మనియార్డరు మాత్రం టంచనుగా వచ్చింది, దాంతో కిరసనాయిలు స్టవ్ కొనుక్కున్నాను. చాలా ఏళ్ళకి సొంత డబ్బు పెట్టి సంపుటి వేసుకున్నప్పుడు కథని మొత్తంగా పెట్టాను. అప్పటికి గాలి మారింది. ‘చాకలామె పాత్రకి ఇంకా ప్రాధాన్యం ఇవ్వాల్సింది’ అని ఒక విమర్శకుడు రాశాడు. వీళ్ళతో వేగడం ఎలాగో నన్నడగకు.

నీ ఈడువాళ్ళకి చాప, వసారా తెలియకపోవచ్చు. ఫంక్షన్ హాలు తెలుసు కదా. పోయినేడాది నాగోలు దగ్గర ఒక హాలుకి వెళ్ళాను. ఆరో తరగతి పిల్ల. డ్రెస్సింగ్ రూములో నిలబడే ఉంది. అద్దెకి తెచ్చిన వన్ గ్రామ్ గోల్డ్ వడ్డాణం పెద్దదై జారిపోతుంటే బ్యూటీషియన్ వెనకాల పిన్నీసులు గుచ్చి బిగించింది, ఇక కూర్చుంటే గుచ్చుకుంటాయి. వాళ్ళ పిన్ని ఇడ్లీ చిన్న చిన్న ముక్కలు చేసి, లిప్‌స్టిక్ చెదరకుండా నోట్లో వేస్తోంది. బయట ఎల్‌ఈడీ తెర మీద అదే పిల్ల స్లో మోషన్లో గిర్రున తిరుగుతోంది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన చదివింపులు రాస్తున్నాడు. కవరు చించడం, లెక్కపెట్టడం, పేరూ ఊరూ రాసి ఎదురుగా అంకె వేయడం. ఆ నోటుబుక్కు బీరువాలో పదిలంగా ఉంటుంది, రేపు అవతలి ఇంట్లో శుభకార్యమైతే అది తీసి చూసి ఓ వంద కలిపి పెట్టాలి. మెక్సికోలో పదిహేనేళ్ళ అమ్మాయి వేడుకకి కేకు ఒకరు, చెప్పులు ఒకరు, కిరీటం ఒకరు భరిస్తారని, వాళ్ళని పద్రినోలు అంటారని నువ్వు ఆశ్చర్యపోయావు. మీ అమ్మ బీరువా తీసి చూడు.

ఇంకో విషయం. ఆ పిల్ల ఫొటోతో సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. స్కూల్లో మాత్రం జ్వరమని లీవ్ లెటర్ ఇచ్చారు. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చిందీ, లెటర్ రాసిందీ వాళ్ళ నాన్నే. కథ ఆయనది.

జపాన్‌లో మేజర్లయిన పిల్లలకి చేసే వేడుకని ‘క్రమశిక్షణ గల వేడుక’ అన్నావు. జనవరి రెండో సోమవారం, కిమోనోలు, ఫొటోలు. 2022 ఏప్రిల్‌లో అక్కడ మేజర్ వయసు ఇరవై నుంచి పద్దెనిమిదికి తగ్గినా చాలా ఊళ్ళు ఇరవైకే వేడుక జరుపుతున్నాయని రాయడం బాగుంది. కానీ 2018లో సరిగ్గా ఆ రోజే ఒక కిమోనోల కంపెనీ మూతపడి, ఎప్పుడో డబ్బు కట్టిన ఆడపిల్లలు వేసుకోవడానికి కిమోనో లేక ఏడ్చారు. వడ్డాణం పిన్నీసులు చూసినవాడు ఆ వార్త వదిలిపెట్టడు.

అసలు ఈ ఊళ్ళో ఉంటూ అంత దూరం ఎందుకు వెళ్ళావో నాకు తెలియదు. పాతబస్తీలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల పిల్లకి బిస్మిల్లా చదివిస్తారు. తిలక్ రోడ్డులో పార్సీల అగ్ని ఆలయం ఉంది. వాళ్ళ పిల్లలకి నవజోత్ అనే మతదీక్షలో నడుముకి కట్టే ‘కుస్తీ’ అనే పవిత్రమైన దారాన్ని డెబ్భై రెండు ఉన్ని పోగులతో నేస్తారు, నేసేది పూజారుల ఇళ్ళ ఆడవాళ్ళు. ఎవరినైనా పరిచయం చేసుకుని, మర్యాదగా అడిగి, ఆ నేసే చేతుల గురించి రాయి. నేను చదువుతాను.

ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యి. లోపలి గదిలో ఏం జరిగిందో అడుగు, చెప్పనంటే బలవంతం చేయకు, చెప్పనందనే రాయి. ఆ కుర్చీలు ఏ సప్లయర్ నుంచి వచ్చాయో, రోజుకి అద్దె ఎంతో, ఎన్ని విరిగితే ఎంత పట్టుకున్నారో మీ నాన్నని అడుగు. ఆయనకి పైసలతో సహా గుర్తుంటుంది.

మాండలికంలో రాయనా అనీ, వెబ్ పత్రికలకి ఎన్ని మాటలు దాటకూడదనీ, ఇంకా ఏవో అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు. ముందుమాట రాయను, ఎవరికీ రాయట్లేదు. దీన్ని పోటీకి పంపనా అన్నావు. నేను రెండు పోటీలకి జడ్జిగా కూర్చున్నదాన్ని, అక్కడ తోటి జడ్జీలు కథలు చదవకుండా మార్కులు ఎలా వేశారో నీకు చెప్పానంటే నువ్వు రాయడమే మానేస్తావు. తిరగరాసినది పీడీఎఫ్‌లో పంపకు, ఫోన్‌లో చదవలేను. ప్రింటు తీసి, వాక్యాల మధ్య చోటు వదిలి, పోస్టులో పంపు. గీతలు గీయడానికి నాకు జాగా కావాలి.

ఆశీస్సులతో,
మీ అమ్మ వయసు మనిషి