నోట్‌బుక్ పక్కన విండో తెరిస్తే సెల్ ఎందుకు ఆగిపోతుంది?

జూపిటర్ నోట్‌బుక్‌లోంచి పైక్యూటీ (పైథాన్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీ) విండో తెరిస్తే, దాన్ని మూసేదాకా తర్వాతి సెల్ (కోడ్ రాసే గడి) నడవట్లేదు, రెండూ కలిపి వాడుకోలేమా అని అడిగారు. భేషుగ్గా వాడుకోవచ్చు. కోడ్ చివర విండోని నడపడానికి పెట్టిన ఎగ్జిక్ లైన్ తీసేయండి. మొదటి సెల్‌లో శాతం గుర్తు, దాన్ని ఆనుకుని జీయూఐ, ఒక స్పేస్ వదిలి క్యూటీ అని చిన్న అక్షరాల్లో కొట్టి నడపండి. ఇక కర్నెల్, అంటే వెనకాల మీ సెల్స్ నడిపే ప్రోగ్రామ్, ఖాళీగా ఉన్నప్పుడల్లా విండో సంగతి చూస్తుంది. ఎగ్జిక్ ఉంటే పగ్గాలు విండో చేతికి పోతాయి, మూసేదాకా తిరిగి రావు. సెల్ పక్కన నక్షత్రం అలా ఉండిపోయేది అందుకే.

దీనికి థ్రెడ్ (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే ఇంకో పని) వాడమని చెప్పే వీడియోలు బోలెడు. నమ్మకండి. క్యూటీ విండోలు మెయిన్ థ్రెడ్‌లోనే ఉండాలి. వేరే థ్రెడ్‌లో పెడితే కాసేపు నడిచినట్టే నడిచి కర్నెల్ చచ్చిపోవచ్చు, లోడ్ చేసిన డేటా అంతా గోవిందా. వీడియో చేసేవాళ్ళకేం, వాళ్ళ డేటా పది లైన్లు.

మా ల్యాబ్‌లో ఒక జూనియర్ ఫొటోల్లో వడ్ల గింజలు లెక్కపెట్టే ప్రాజెక్ట్ చేసేవాడు. త్రెషోల్డ్ (ఎంత వెలుగుంటే గింజ అనుకోవాలో చెప్పే హద్దు) మార్చడం, సెల్ నడపడం, కిందికి స్క్రోల్ చేసి బొమ్మ చూడడం, మళ్ళీ పైకి రావడం. చూసి చూసి విసుగొచ్చి, పక్కన కూర్చుని స్లైడర్ ఉన్న చిన్న విండో రాయించాను. స్క్రీన్ మీద ఎడమవైపు నోట్‌బుక్, కుడివైపు విండో. స్లైడర్ జరుపుతుంటే, అప్పటిదాకా అంటుకుని ఒకే గింజలా లెక్కకొస్తున్న రెండూ 140 దగ్గర విడిపోయాయి. వాడు మౌస్ వదిలి కొత్త సెల్‌లో స్లైడర్ విలువ అడిగాడు, 140 అని వచ్చింది. ఈసారి సెల్‌లోంచే 155 పెట్టాడు. పక్కన స్లైడర్ దానంతటదే జరిగింది. "అన్నా, ఇది రెండువైపులా పనిచేస్తోందే!" అన్నాడు. అసలు మజా అదే. బ్రౌజర్‌లోనే స్లైడర్లలాంటి విడ్జెట్లు ఉన్నాయిగా అనేవాళ్ళు ఒక పెద్ద ఫొటో పెట్టి జూమ్ చేసి చూడాలి, తర్వాత మాట్లాడుకుందాం.

వాడు వెంటనే ఫొటోలన్నిటి మీదా లూప్ వేశాడు, విండో తెల్లబోయి బిగుసుకుపోయింది. సెల్ నడుస్తున్నంతసేపూ కర్నెల్‌కి విండోని చూసే తీరిక ఉండదు మరి. లూప్ లోపల అప్పుడప్పుడు క్యూటీలోని ప్రాసెస్ ఈవెంట్స్ ఫంక్షన్ పిలిస్తే కదులుతుంది. విండో ఇలా మెరిసి అలా మాయమవుతుంటే దాన్ని ఏ వేరియబుల్‌లోనూ పట్టి ఉంచలేదన్నమాట. విండోలన్నిటినీ నడిపే క్యూఅప్లికేషన్ కూడా మళ్ళీ కొత్తది సృష్టించొద్దు, ఇన్‌స్టెన్స్ పిలిచి ఉన్నదాన్నే తీసుకోండి.

మీరు కోలాబ్‌లో (గూగుల్ సర్వర్ మీద నడిచే నోట్‌బుక్) చేస్తుంటే మాత్రం ఇదంతా దండగ. విండో కర్నెల్ ఉన్న మెషీన్ మీదే తెరుచుకుంటుంది, అక్కడ స్క్రీనే లేదు. సొంత సిస్టమ్‌లో, అదీ లైనక్స్‌లో, ఎక్స్‌సీబీ ప్లగిన్ (క్యూటీ విండోని స్క్రీన్ మీదికి తెచ్చే భాగం) లోడ్ కాలేదని ఎర్రర్ వస్తే ముందు ఓపెన్‌సీవీని (ఫొటోల మీద పనిచేసే లైబ్రరీ) అనుమానించండి. అది తనతో తెచ్చుకునే క్యూటీ ఫైళ్ళకీ మీ పైక్యూటీకీ పడదు. దాన్ని తీసేసి, విండోల భాగం లేని హెడ్‌లెస్ రకం ఓపెన్‌సీవీ వేసుకోండి. అయినా రాకపోతే ఆ ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టండి, చివరి లైన్ ఒక్కటే కాదు.