సుప్రీంకోర్టుకు పోని జడ్జికి ఇంత పేరెందుకు?

ప్రశ్న: లా రెండో ఏడు చదువుతున్నాను. సెలవుల్లో ఇక్కడే కోర్టులో ఒక వకీలు సార్ దగ్గర కూర్చుంటున్నాను. నష్టపరిహారం కేసు వచ్చినప్పుడల్లా ఆయన లెర్నెడ్ హ్యాండ్ అనే అమెరికా జడ్జి పేరు తీస్తారు. చూస్తే ఆ జడ్జి అపీలు కోర్టు దాటి పైకి పోలేదు. మరి అంత పేరెలా వచ్చింది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆయన పేరు కుర్చీతో వచ్చింది కాదండీ, రాసిన తీర్పులతో వచ్చింది. 1909లో, 37 ఏళ్లకే న్యూయార్క్‌లో ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యారు, 1924లో ప్రెసిడెంట్ కూలిడ్జ్ సెకండ్ సర్క్యూట్ అపీలు కోర్టుకు వేశారు, 1951లో రిటైరయ్యాక కూడా కేసులు వింటూనే ఉన్నారు. 1961లో పోయారు.

మీ సార్ చెప్పేది 1947 నాటి తీర్పు గురించే అనుకుంటా. 1944 జనవరిలో న్యూయార్క్ రేవులో పిండి లోడుతో ఉన్న ఆనా సి అనే బార్జి (సరుకు పడవ), వేరే పడవ వాళ్లు తాళ్లు సరిగ్గా కట్టకపోవడంతో కొట్టుకుపోయి, ఒక ట్యాంకర్ ఓడ ఫ్యాన్ రెక్క తగిలి అడుగున చిల్లుపడి మునిగిపోయింది. దాని మీద ఉండాల్సిన మనిషి 21 గంటలుగా లేడు. ఉంటే నీళ్లు రావడం చూసి కేకేసేవాడు, పక్క పడవల పంపులతో బార్జి దక్కేది. అందుకే హ్యాండ్ నష్టంలో కొంత బార్జి యజమాని మీద కూడా వేశారు.

ఆయన లెక్క ఇదీ: ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, ఆపడానికి ఖర్చెంత. మొదటి రెండింటినీ గుణిస్తే వచ్చేదానికన్నా ఖర్చు తక్కువై, అయినా జాగ్రత్త పడకపోతే అది నిర్లక్ష్యమే. మీ ఊళ్లో బియ్యం లోడు లారీని వాలు మీద ఆపితే క్లీనర్ దిగి టైరు కింద రాయి పెడతాడు చూడండి, ఆ రాయికి పైసా ఖర్చు లేదు, పెట్టకపోతే మాత్రం మనుషుల ప్రాణాలు పోతాయి.

నాకు ఇంకా ఇష్టమైంది 1917 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని విమర్శించిన ‘ది మాసెస్’ పత్రికను పోస్టులో పోనిచ్చేది లేదని సర్కారు అంటే, చట్టాన్ని మీరమని నేరుగా ఉసిగొల్పితే తప్ప విమర్శను ఆపకూడదన్నారు. దేశమంతా యుద్ధావేశంలో ఉన్నప్పుడు అలా రాయడానికి ఎంత గుండె కావాలి! పై కోర్టు కొట్టేసింది. ఆయన పోయిన 8 ఏళ్లకు, 1969లో సుప్రీంకోర్టు బ్రాండెన్‌బర్గ్ కేసులో దాదాపు అక్కడికే వచ్చింది.

బార్జి తీర్పు చిన్నదే, ఒక్క సాయంత్రం చాలు. చదివాక అందులో గుణకారం ఎక్కడ కష్టమవుతుందో మీ సార్‌ని అడగండి.