నెలనెలా హైదరాబాద్ పోవాల్సిందేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు. హార్డ్‌వేర్ షాపులో పనిచేసేవాడు. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నాయని రెండేళ్ల కింద పని మానేశాడు. బాణామతి అంటే తాయెత్తులు కట్టించాం. హైదరాబాద్‌లో చూపిస్తే స్కిజోఫ్రెనియా అన్నారు. గోలీలతో మాటలు తగ్గినయ్ కానీ చేతులు వణికేవి, పగలంతా నిద్ర. మానేశాడు. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. ఆస్పత్రి అంటే 'నన్ను ఎర్రగడ్డలో పడేస్తారా' అని లొల్లి. అమ్మ గోలీ పొడి చేసి చారులో కలుపుతోంది. హైదరాబాద్ తిరిగే స్థోమత లేదు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మేనమామ అంటున్నాడు. ఏం చేయమంటారు మేడం?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ చారు సంగతి. అది ఆపించండి. అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో మామూలే. మీ అమ్మ చేత్తో ఆ అనుమానాన్ని నిజం చేస్తే రేపు అన్నమే మానేస్తాడు, ఇక ఏ గోలీనీ నమ్మడు.

గోలీలు మానేసినా కొన్నాళ్లు బాగానే ఉండటంతో అవి అక్కర్లేదనుకున్నారు కదా? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మానిన మర్నాడే జబ్బు తిరగబెట్టదు, వారాలో నెలలో పడుతుంది. మీవాడు మొండికేశాడని కూడా నేననను. చేతులు వణుకుతుంటే షాపులో మేకులు ఎట్లా తూకం వేస్తాడు? అతన్ని కూర్చోబెట్టి అడగండి: పొద్దున లేచేసరికి దిండు జొల్లుతో తడిసి ఉంటుందా? కాళ్లు ఒకచోట నిలవక ఊరికే తిరగాలనిపించేదా? అలా తిరుగుతుంటే పిచ్చి ముదిరిందని ఇంట్లోవాళ్లు భయపడతారు, చాలాసార్లు అది మందు వల్లే. ఇవన్నీ కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపండి. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, వణుకుకు వేరే గోలీ ఇవ్వవచ్చు. రోజూ గోలీ గొడవ వద్దనుకుంటే రెండు మూడు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. అతను ఒప్పుకుంటేనే సుమా.

ఇందుకు హైదరాబాద్ అక్కర్లేదు. వరంగల్ ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైందే, రోగి పెద్దాస్పత్రుల చుట్టూ తిరగకుండా దగ్గర్లోనే మందు అందాలని. మీకు దగ్గర్లో సైకియాట్రిస్ట్ ఎక్కడ, ఏ రోజు చూస్తారో మీ ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీలోనూ అడగండి. తమ్ముడు రానంటే మొదటిసారి మీరొక్కరే పాత చిట్టీలు పట్టుకొని వెళ్లండి. అదీ కుదరకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022లో మొదలైంది. ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్నా, ఎవరి మీదికైనా వెళ్లినా మాత్రం ఆగొద్దు, 108కి చేయండి.

ఎర్రగడ్డ భయం పాతకాలంది. ఈ జబ్బుకు మందు వాడేవాళ్లలో ఎక్కువమంది ఇంటి దగ్గర ఉంటూనే వాడతారు. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ఈ మాట అతనికే చెప్పండి, మీలో మీరు గుసగుసలాడుకోవద్దు.

జబ్బు ఏళ్లు సాగి పని చేసుకోలేని స్థితి ఉంటే సదరం క్యాంపు గురించి అడగండి. మానసిక జబ్బుకూ వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు.

ఇక మీ మేనమామ మాట. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు. తమ్ముడు కుదుటపడ్డాక తనకే చేసుకోవాలనిపిస్తే, ఆ పిల్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ జబ్బు సంగతి, గోలీల సంగతి ముందే చెప్పండి. దాచి చేస్తే మొదట ఆగేది గోలీలే, కొత్త పెళ్లాం ముందు ఎవరు వేసుకుంటారు? అంత తొందరగా ఉంటే, సగం పూట పనికి తీసుకుంటారేమో పాత షాపు సేటును అడిగి రమ్మనండి మేనమామను.