ప్రీమియం పెరిగిందని పెద్ద వయసు కార్మికుల ఆరోగ్య బీమాలో కోత పెట్టవచ్చా?

ప్రశ్న: పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల పరిశ్రమలో 1998 నుంచి పనిచేస్తున్నాను. వయసు 55, హోదా సీనియర్ ఆపరేటర్, జీతం 46 వేలు. పదమూడేళ్లుగా కంపెనీయే ప్రీమియం చెల్లించి నాకు, నా భార్యాపిల్లలకు, మా అమ్మకు కలిపి 4 లక్షల గ్రూప్ మెడిక్లెయిమ్ ఇస్తోంది. అమ్మకు 74 ఏళ్లు, నాకు షుగరు, బీపీ ఉన్నాయి. కార్మికుల సగటు వయసు పెరిగి క్లెయిములు ఎక్కువయ్యాయని, బీమా సంస్థ ప్రీమియం బాగా పెంచిందని చెబుతూ, వచ్చే రెన్యువల్ నుంచి తల్లిదండ్రులను తొలగిస్తామని, 50 దాటినవారి అదనపు ప్రీమియాన్ని జీతంలో పట్టుకుంటామని నోటీసు బోర్డులో పెట్టారు. 55 దాటినవారిని ఒక్కొక్కరినే పిలిచి వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కాగితం ముందు పెడుతున్నారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు వయసును బట్టి వివక్ష చూపడం చట్టవిరుద్ధమంటున్నాడు. మా హక్కులు ఏమిటి?

— ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందుగా మీ మేనల్లుడి మాట గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద ఆశ పెట్టుకుని మీరు అడుగు వేస్తే ఇబ్బంది పడతారు. ఆయన చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడ 1967లో చేసిన చట్టం, 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో 40 ఏళ్లు దాటినవారికి వయసు వివక్ష నుంచి రక్షణ కల్పిస్తుంది. మన దేశంలో ప్రైవేటు సంస్థలన్నింటికీ వర్తించే అటువంటి చట్టం లేదు. రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయే గాని, మీ కంపెనీపై వాటి ఆధారంగా నేరుగా కోర్టుకు వెళ్లడం సాధ్యపడదు. అయితే మీకు రక్షణే లేదని దీని అర్థం కాదు. అది వయసు పేరుతో కాక, సర్వీసు నిబంధనల పేరుతో పారిశ్రామిక చట్టంలో ఉంది.

మీ జీతం ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) పరిమితి అయిన 21 వేలు దాటి ఉన్నందున మీకు అందుతున్నది చట్టం నిర్దేశించిన వైద్య సదుపాయం కాదు, యాజమాన్యం తనంతట తాను ఇచ్చిన బీమా. ఈఎస్ఐ పరిధిలో ఉన్న మీ తోటి కార్మికుల విషయంలో కంపెనీ 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చందా కట్టాలి. వయసు 25 అయినా 57 అయినా ఆ శాతం మారదు, కంపెనీ తన వాటాను కార్మికుడి జీతం నుంచి రాబట్టుకోనూ కూడదు. గ్రూప్ పాలసీ అలా కాదు. అది ఏడాదికొకసారి కొత్తగా కుదుర్చుకునే ఒప్పందం. నిరుడు కోటి రూపాయల ప్రీమియం తీసుకుని కోటీ ఇరవై లక్షల క్లెయిములు చెల్లించిన బీమా సంస్థ ఈ ఏడాది పాత ధరకు ఒప్పుకోదు. మోకీలు మార్పిడి, కంటి శుక్లాలు, గుండెకు స్టెంట్ వంటి చికిత్సలు సహజంగానే తల్లిదండ్రుల ఖాతాలోనూ, యాభై దాటినవారి ఖాతాలోనూ ఎక్కువగా పడతాయి. దానికి తోడు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ ఎత్తివేశారు గాని గ్రూప్ పాలసీలపై 18 శాతం అలాగే ఉంది. చట్టం తప్పనిసరి చేసిన బీమా అయితే తప్ప ఆ పన్నును కంపెనీ తాను కట్టాల్సిన జీఎస్టీలో మినహాయించుకునే వీలు లేదు. కాబట్టి ఖర్చు పెరిగిందన్న మాట సాకు కాకపోవచ్చు. ఆ భారాన్ని ఎవరిమీద, ఏ పద్ధతిలో వేస్తున్నారన్నదే మనకు కావలసిన ప్రశ్న.

ఇక్కడ మీ కేసు బలమంతా కాగితాల్లో ఉంటుంది. మీ నియామక పత్రం, స్టాండింగ్ ఆర్డర్లు (ఫ్యాక్టరీ సర్వీసు నియమావళి), యూనియన్ కుదుర్చుకున్న వేతన ఒప్పందం, ఈ మూడూ తెప్పించుకుని చదవండి. వేతన ఒప్పందంలో మెడిక్లెయిమ్ గురించి ఒక్క క్లాజు ఉన్నా, ఆ ఒప్పందం అమలులో ఉన్నంతకాలం, ఆ తరువాత కూడా దానిని రద్దుచేస్తూ ఇచ్చిన నోటీసుకు అరవై రోజులు పూర్తయ్యేదాకా, యాజమాన్యం ఏకపక్షంగా దానిని తగ్గించలేదు. నేను చూసిన వివాదాల్లో కార్మికులు చాలామంది ఈ క్లాజును గమనించనే లేదు. జీతం పెంపు ఎంతన్న పేజీ దగ్గరే చదవడం ఆపేస్తారు. దానికి విరుద్ధంగా, నియామక పత్రంలో 'కంపెనీ విచక్షణ మేరకు' అన్న మాట ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది.

ఏ కాగితంలోనూ ప్రస్తావన లేకపోయినా దారి మూసుకుపోలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 40వ సెక్షన్, పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఏ సెక్షన్‌కు కొనసాగింపు. దాని మూడవ షెడ్యూలులోని అంశాలపై సర్వీసు షరతులు మార్చాలంటే కార్మికులకు నిర్ణీత పద్ధతిలో నోటీసు ఇవ్వాలి, ఇచ్చిన 21 రోజుల వరకు ఆ మార్పును అమలు చేయకూడదు. ఆనవాయితీగా వస్తున్న రాయితీని లేదా సదుపాయాన్ని ఉపసంహరించడం ఆ షెడ్యూలులో ఉంది. పదమూడేళ్లుగా ఎడతెగకుండా ఇచ్చిన తల్లిదండ్రుల బీమా ఆ కోవలోకి వస్తుందని గట్టిగా వాదించవచ్చు. యాజమాన్యం అది ఏటా తమ దయతో ఇచ్చినదని అంటుంది. తీర్పు ఎటు మొగ్గుతుందో ఆ ఏడాదుల సర్క్యులర్లలోని భాషను బట్టి ఉంటుంది. ఏదేమైనా, హెచ్‌ఆర్ వారు బోర్డుకు అంటించిన కాగితం చట్టం కోరే నోటీసుకు సరిపోతుందని నేను అనుకోను.

మీ హోదా గురించి యాజమాన్యం అభ్యంతరం లేవదీయవచ్చు. నెలకు 18 వేలకు మించి జీతం తీసుకుంటూ సూపర్‌వైజరీ పని చేసేవారు ఆ కోడ్ ప్రకారం 'వర్కర్' కారు. అయితే యంత్రం మీద చేతితో పనిచేసే ఆపరేటరుకు ఈ జీతం పరిమితి అడ్డు కాదు, అతని జీతం ఎంతైనా వర్కరే. హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. షిఫ్టు డ్యూటీ చార్టులు, బ్యాచ్ రికార్డుల్లో మీ సంతకాలున్న ప్రతులు అందుకు ఉపయోగపడతాయి.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఉద్యోగం నుంచి తొలగింపు వంటి విషయాల్లో తప్ప, ఒక్క కార్మికుడు ఒంటరిగా పారిశ్రామిక వివాదం లేవనెత్తలేడు. బీమా విషయంలో యూనియన్ గాని, చెప్పుకోదగ్గ సంఖ్యలో కార్మికులు గాని కలిసి కార్మిక శాఖలోని కన్సిలియేషన్ (రాజీ చర్చలు జరిపే) అధికారికి లేఖ ఇవ్వాలి. ఆయన చర్చలు మొదలుపెట్టాక, అవి ముగిసేవరకు, ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు షరతులను కార్మికులకు నష్టం కలిగేలా యాజమాన్యం మార్చకూడదు. రెన్యువల్ తేదీకి ముందే మీరు కదలాలని నేను చెప్పడానికి కారణం ఇదే. పాలసీ మారిపోయిన తరువాత పాత స్థితిని తిరిగి తెప్పించడం చాలా కష్టం.

జీతంలో కోత విషయానికి వస్తే మీ పక్షం మరింత బలంగా ఉంది. వేతనాల కోడ్‌లోని 18వ సెక్షన్ ప్రకారం, ఆ కోడ్ అనుమతించిన వాటికి తప్ప జీతం నుంచి ఒక్క రూపాయి కూడా పట్టుకోరాదు. పాత వేతన చెల్లింపు చట్టం నెలకు 24 వేల లోపు జీతాలకే వర్తించేది, కొత్త కోడ్‌కు ఆ పరిమితి లేదు. అనుమతించిన కోతల జాబితాలో 'వయసు ఎక్కువైనందుకు అదనపు ప్రీమియం' అనేది లేదు. అందువల్లే హెచ్‌ఆర్ వారు మీచేత సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడానికి చూస్తారు. ప్రీమియంలో కొంత భరించడానికి మీకు అభ్యంతరం లేకపోతే అది వేరు మాట. తల్లిదండ్రులను కొనసాగించేందుకు కొంత వాటా కడతామని యూనియన్ ప్రతిపాదించడం తెలివైన బేరమే కావచ్చు. కాని ఎంత మొత్తం, ఎంతకాలం, ఏ రక్షణకు అన్నది రాతలో లేకుండా సంతకం చేయకండి.

వీఆర్‌ఎస్ కాగితం విషయంలో తొందరపడవద్దు. స్వచ్ఛంద పదవీ విరమణ స్వచ్ఛందంగానే ఉండాలి. నిరాకరించినందుకు శిక్షించడానికి చట్టంలో ఆధారం లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి యాజమాన్యం మీరు వద్దన్నా మిమ్మల్ని తీసివేస్తే అది రిట్రెంచ్‌మెంట్ అవుతుంది. అప్పుడు నెల రోజుల నోటీసు లేదా దాని వేతనం, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం, గ్రాట్యుటీ చెల్లించాలి. ఫ్యాక్టరీలో 300 మంది లేదా అంతకు మించి కార్మికులుంటే నోటీసు మూడు నెలలది కావాలి, ప్రభుత్వ అనుమతి కూడా ముందే తీసుకోవాలి. దీనికి మించినది ఇంకొకటుంది: ఒక విభాగంలో చివరగా చేరినవారిని ముందుగా తీసివేయాలన్నదే చట్టం పెట్టిన క్రమం, కారణం రాసి మాత్రమే దానిని తప్పవచ్చు. 1998లో చేరిన మీరు ఆ వరుసలో చిట్టచివర ఉంటారు. వయసు వివక్షపై చట్టం లేని చోట మీకు గొడుగు పట్టేది ఈ నియమమే. వీఆర్‌ఎస్ మొత్తం పైన చెప్పిన లెక్కకన్నా ఎంత ఎక్కువో చూసుకోకుండా నిర్ణయించవద్దు. అలా చూసుకునేటప్పుడు, ఉద్యోగం పోతే బీమా కూడా ఆ రోజుతోనే పోతుందన్న సంగతి లెక్కలో వేసుకోండి.

అందుకే వ్యాజ్యం ఒకవైపు సాగుతున్నా, సొంత పాలసీ ఏర్పాటు ఇప్పుడే మొదలుపెట్టమని నా సలహా. గ్రూప్ పాలసీ నుంచి బయటకు వచ్చే సభ్యుడు అదే బీమా సంస్థ వద్ద వ్యక్తిగత పాలసీకి మారేందుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమాలు వీలు కల్పిస్తున్నాయి; గ్రూపులో గడిపిన కాలాన్ని ముందునుంచి ఉన్న జబ్బుల నిరీక్షణ కాలంలో (ఆ జబ్బులకు క్లెయిము ఇవ్వని తొలి కాలంలో) లెక్కిస్తారు. ఆ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు కాబట్టి, పదమూడేళ్ల రక్షణ ఉన్న మీకు షుగరు, బీపీ పేరుతో కొత్తగా ఎదురుచూపు ఉండకూడదు, కనీసం ఇప్పుడున్న 4 లక్షల వరకు. దరఖాస్తును పాలసీ గడువుకు రెండు నెలల ముందే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. మీ అమ్మగారి వయసు 70 దాటింది గనుక, 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. దీనికి ఆదాయ పరిమితి లేదు, ప్రైవేటు బీమా ఉన్నా అర్హత పోదు, ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స లభిస్తుంది. మీరు వెళ్లే ఆసుపత్రి ఆ పథకంలో చేరిందో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.

మీ ప్రశ్నలో లేకపోయినా, తక్కువ జీతంతో ఈఎస్ఐలో ఉన్న మీ తోటివారికి ఒక మాట చేరవేయండి. కనీసం ఐదేళ్లు బీమా ఉండి పదవీ విరమణ వయసు వరకు పనిచేసినవారు ఏడాదికి 120 రూపాయలు కడితే, విరమణ తరువాత కూడా భార్యాభర్తలిద్దరికీ రామచంద్రాపురం, సనత్‌నగర్ వంటి ఈఎస్ఐ ఆసుపత్రుల్లో వైద్యం కొనసాగుతుంది. జీతం పెరిగి పరిధి దాటిపోయినవారిలో, 2012 ఏప్రిల్ తరువాత ఐదేళ్లు బీమాలో ఉండి, 2017 ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని 30 వేల లోపు జీతంతో విరమించినవారికి కూడా దీనిని వర్తింపజేయాలని 2024 ఫిబ్రవరిలో ఈఎస్ఐ కార్పొరేషన్ నిర్ణయించింది.

ఈ వారంలోనే యూనియన్ తరఫున యాజమాన్యానికి ఒక లేఖ ఇవ్వండి. గత మూడేళ్ల ప్రీమియం, క్లెయిముల లెక్కలు, బీమా సంస్థ పంపిన రెన్యువల్ కొటేషన్ ప్రతి అడగండి. 40వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వకుండా మార్పు అమలు చేయరాదని, సమ్మతి లేని కోతను అంగీకరించబోమని అందులో స్పష్టంగా రాయండి. లేఖ ప్రతిని జిల్లా కార్మిక శాఖ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదును మీ 1998 నాటి నియామక పత్రంతో కలిపి దాచుకోండి.